మీటరు ముల్లు దేన్ని లెక్కపెడుతుంది?



తెనాలి జంక్షన్ దాటి బాపట్ల వైపు మెయిన్ లైన్లో పరిగెత్తే రైలింజనులో, లోకో పైలట్ కళ్లెదుట వేగం చూపే మీటరు ఒకటి ఉంటుంది. రైలు ఎంత వేగంగా పోతోందో దానికి తెలుసని మనం అనుకుంటాం. నిజానికి దానికి రైలు సంగతీ తెలియదు, పట్టాల సంగతీ తెలియదు. ఇరుసు చివర బిగించిన చిన్న పరికరం చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి పైకి పంపుతుంది. ఒక్కో చుట్టుకు ఇంత దూరం అని హెచ్చవేస్తే వేగం తేలుతుంది. ఆ ‘ఇంత దూరం’ అన్నది చక్రం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 రకం కరెంటు ఇంజను చక్రం కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం 1092 మిల్లీమీటర్లు. పట్టాల రాపిడికీ, షెడ్డులో లేతు మీద పెట్టి చెక్కే చెక్కుడుకూ అరిగి అరిగి 1016 మిల్లీమీటర్లకు వచ్చాక ఇక పనికిరాదని తీసేస్తారు. కొత్త చక్రం ఒక్క చుట్టుకు 3 మీటర్ల 43 సెంటీమీటర్లు పోతే, పూర్తిగా అరిగిన చక్రం 3 మీటర్ల 19 సెంటీమీటర్లే పోతుంది.

అందుకని చక్రాలు చెక్కినా మార్చినా కొత్త వ్యాసం ఎంతో మీటరుకు చెప్పాలి. చెప్పలేదనుకోండి. అరిగిన చక్రాల మీద 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండికి మీటరు 107 చూపిస్తుంది. అది కొంత నయం, డ్రైవరు కాస్త తగ్గిస్తాడు, బండి రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. తలకిందులైతేనే చిక్కు. మీటరులో అరిగిన చక్రాల కొలత అలాగే ఉండిపోయి, కింద కొత్త చక్రాలు బిగిస్తే, మీటరు 93 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 100లో ఉంటుంది. వేగం తగ్గించి పొమ్మన్న మలుపుల దగ్గర ఇది చిన్న తేడా కాదు.

రైల్వేలో దీన్ని చూసుకోవడానికి మనుషులున్నారు, పద్ధతి ఉంది. మన రోడ్డు బళ్లకు ఆ పని చేసేవాళ్లు లేరు. కంపెనీ బండిని తయారు చేసిన రోజున ఫలానా సైజు టైరు, ఫలానా పళ్ల చక్రాలు అనుకుని మీటరు అమర్చి పంపుతుంది. ఆ తరవాత రేపల్లెలో టైరు మార్చినా, తెనాలిలో చైను సెట్టు మార్చినా ఆ కబురు మీటరుకు చేరదు. పాత లెక్కే నమ్ముకుని ముల్లు తిప్పుతూ ఉంటుంది. కనక బండికి ఏ మార్పు చేయించబోయినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మీటరు తన లెక్క ఎక్కణ్నుంచి తీసుకుంటోంది? ముందు చక్రం నుంచా, గేరుబాక్సు నుంచా, ఇంజను నుంచా? జవాబును బట్టి సంగతి మొత్తం మారిపోతుంది. 

కుర్రాళ్లు మోటారు సైకిలుకు వెనక లావు టైరు వేయిస్తుంటారు. వేయించాక మెకానిక్కును అడుగుతారు.

‘బాబాయ్, వెనక టైరు పెద్దది వేశాం గదా, మీటరు తేడా వస్తదా?’

‘వెనక ఏం వేస్తే దానికేం తెలుసురా? కేబులు ముందు చక్రానిది గదా!’

బాబాయి మాట నిజం. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే వంద సీసీ బళ్లలోనూ, టీవీఎస్ ఎక్సెల్ లాంటి వాటిలోనూ మీటరు కేబులు ముందు చక్రం ఇరుసు దగ్గర మొదలవుతుంది. అక్కడో చిన్న మరచుట్టు పినియను ఉంటుంది, చక్రం తిరిగితే అదీ తిరుగుతుంది. వెనక ఎంత పెద్ద టైరు వేసినా, ఎన్ని పళ్ల స్ప్రాకెట్ వేసినా ముందు చక్రానికి పట్టదు. అది రోడ్డు మీద ఎంత దొర్లిందో అంతే చెబుతుంది. అదే ముందు టైరు సైజు మార్చారా, మీటరు లెక్క ఆ క్షణం నుంచే తప్పుతుంది. ఇంజనుకు మాత్రం ముందు టైరుతో పనే లేదు. అంటే ఈ బళ్లలో ఇంజను చుట్లను శాసించేది వెనక చక్రం, మీటరును శాసించేది ముందు చక్రం. కొన్ని కొత్త బళ్లలో కేబులు లేదు, సెన్సరు ఉంది. అది చక్రం దగ్గర ఉంటే పై మాటే వర్తిస్తుంది. గేరుబాక్సు దగ్గర ఉంటే మాత్రం వెనక స్ప్రాకెట్ మార్చినా, వెనక టైరు మార్చినా మీటరు తప్పుతుంది.

ఆ కేబులు మీటరులోకి వెళ్లాక జరిగే పని చూడముచ్చటగా ఉంటుంది. ముల్లు మీటరు పాడైపోయినప్పుడు పారేయకుండా ఒకసారి విప్పి చూడండి. కేబులు చివర ఒక అయస్కాంతం గిరగిరా తిరుగుతుంది. దాని మీద, దానికి తగలకుండా, పలచని అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. ముల్లు ఆ గిన్నెకే అంటుకుని ఉంటుంది. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదని మనకు తెలుసు. అయినా అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో కరెంటు సుడులు పుడతాయి, ఆ సుడుల వల్ల గిన్నె కూడా అయస్కాంతం వెంట తిరగబోతుంది. తిరిగిపోకుండా వెంట్రుకంత స్ప్రింగు ఒకటి వెనక్కి లాగుతుంటుంది. చక్రం వేగం పెరిగేకొద్దీ గిన్నె స్ప్రింగును గెలిచి ఇంకాస్త తిరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. జర్మనీలో ఓటో షుల్ట్‌సే అనే ఆయన 1902లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నూరేళ్లకు పైగా ప్రపంచంలోని కోట్ల బళ్లకు ఈ గిన్నే వేగం చెప్పింది. అయస్కాంతం ముసలిదై బలం తగ్గితే ముల్లు తక్కువ చూపుతుంది. స్ప్రింగు సాగితే ఎక్కువ చూపుతుంది. కేబులుకు గ్రీజు ఎండిపోతే ముల్లు గిలగిల కొట్టుకుంటుంది. ఇవన్నీ మీటరు రోగాలు. టైరుకు సంబంధం లేదు.

పక్కనే కిలోమీటర్లు చూపే అంకెల పట్టీ ఉంటుంది గదా, దానికి అయస్కాంతంతో పనిలేదు. అది వట్టి పళ్ల చక్రాల లెక్క. ఈ లెక్క చాలా పాతది. రెండు వేల ఏళ్ల కిందటి రోమను ఇంజనీరు విట్రూవియస్ తన పుస్తకంలో ఒక బండిని వర్ణించాడు. దాని చక్రం చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. 400 చుట్లు తిరిగితే 5,000 అడుగులు, అంటే రోమనుల మైలు. మైలు పూర్తయినప్పుడల్లా పెట్టెలోంచి ఒక గులకరాయి కంచు పాత్రలో ఠంగుమని పడుతుంది. రాత్రికి రాళ్లు లెక్కపెట్టుకుంటే ఎన్ని మైళ్లు వచ్చామో తెలుస్తుంది. ఆ బండి చక్రం అరిగినా రాళ్లు ఎక్కువే పడేవి. మన తిప్పలు రోములోనూ ఉండేవన్నమాట.

ఇక టైరు మీద అంకెలు. ఎక్సెల్‌కు వచ్చే టైరు మీద 2.50-16 అని ఉంటుంది. రిమ్ము 16 అంగుళాలు, టైరు మందం రెండున్నర అంగుళాలు. పైనా కిందా కలిపి 5 అంగుళాలు, మొత్తం ఎత్తు సుమారు 21 అంగుళాలు. 18 అంగుళాల రిమ్ము బండికి ముందు 2.75 టైరు తీసి 3.00 టైరు వేస్తే ఎత్తు సుమారు 2 శాతం పెరుగుతుంది. ఇది కాగితం లెక్క. ఒకే సైజు అని రాసి ఉన్నా కంపెనీని బట్టి ఎత్తు కొంచెం అటూఇటూ ఉంటుంది. పైగా మనిషి కూర్చుంటే టైరు కింద నొక్కుకుంటుంది, గాలి తక్కువైతే ఇంకా నొక్కుకుంటుంది. మీకు నిజమైన కొలత కావాలంటే దారి ఉంది. గాలి సరిగ్గా పట్టించి, ముందు చక్రం వాల్వు నేలవైపు వచ్చేలా బండిని నిలబెట్టండి. వాల్వు కింద సిమెంటు రోడ్డు మీద సుద్దతో గీత గీయండి. ఒకరు బండి మీద కూర్చోవాలి, ఇంకొకరు వెనకనుంచి తిన్నగా నెట్టాలి. వాల్వు పదిసార్లు కిందికి వచ్చేదాకా నెట్టి అక్కడ ఇంకో గీత గీయండి. రెండు గీతల మధ్య టేపు పట్టి పదితో భాగిస్తే, మీ చక్రం ఒక్క చుట్టుకు ఎంత పోతుందో మిల్లీమీటర్లతో సహా వస్తుంది. పాత టైరు తీసేముందు ఒకసారి, కొత్తది వేశాక ఒకసారి కొలిస్తే మీటరు ఎంత మారబోతోందో రోడ్డెక్కకముందే తెలిసిపోతుంది.

కార్ల టైర్ల మీద లెక్క ఇంకోలా రాస్తారు. 165/80 ఆర్14 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. గోడ 132 చొప్పున పైనా కిందా 264, రిమ్ము 356. మొత్తం 620 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ కారులో తక్కువ ధర మోడలుకు ఈ టైరు వస్తుంది. ఖరీదైన మోడలుకు 185/65 ఆర్15 వస్తుంది. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, టైరు వెడల్పయింది, చూడ్డానికి పెద్ద చక్రంలా ఉంటుంది. కూడి చూడండి: పక్కగోడ 120 చొప్పున 240, రిమ్ము 381, మొత్తం 621 చిల్లర. అంటే ఎత్తు మారలేదు. కంపెనీవాళ్లు రిమ్ము పెంచినంత మేరా గోడ తగ్గించారు, మీటరు తప్పకుండా, ఇంజను చుట్లు మారకుండా. రిమ్ము మార్చుకోదలచినవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. అదే 15 అంగుళాల రిమ్ము మీద, బాగా కనపడుతుందని 205/65 వేస్తే ఎత్తు 647కు పోతుంది. 4 శాతం తేడా.

సూర్యలంక తీరానికి ఆదివారాలు వచ్చే జీపుల్లో కొన్నింటికి మనిషి నడుం దాకా వచ్చే టైర్లు కనపడతాయి. థార్‌కు కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరే 31 అంగుళాల ఎత్తు. దాన్ని తీసి 33 అంగుళాలది వేస్తే 6 శాతం పెరిగింది. మీటరు 80 దగ్గరుంటే చక్రాల లెక్కలో బండి 85 దగ్గరుంది. అది ఒక ఎత్తు. ఇంకో ఎత్తేమిటంటే, ఇసకలో బాగా లాగాలని వేసిన ఆ పెద్ద టైరే లాగుడు తగ్గిస్తుంది. ఇరుసు తిప్పే బలం అంతే ఉంది, అది నేలను తోసే దూరం పెరిగింది, కనక నేల మీద పడే తోపు 6 శాతం తగ్గింది. ప్రతి గేరూ కాస్త పొడుగు గేరైనట్టే. లో రేంజి గేర్లు ఉన్నాయి గనక నడిపేవాళ్లకు ఆ నష్టం తెలియదు. ఇసకలో నిజంగా కలిసొచ్చేది టైర్లలో గాలి తగ్గించడం. అది పైసా ఖర్చు లేని పని కాబట్టి ఎవరికీ గొప్పగా అనిపించదు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇంజను చుట్ల సంగతి ఇప్పుడు చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి సరిగ్గా వెయ్యి మీటర్లు. మోటారు సైకిలు వెనక చక్రం ఒక్క చుట్టుకు 1 మీటరు 87 సెంటీమీటర్లు పోతుందనుకోండి. నిమిషానికి 535 చుట్లు తిరగాలి. గేరుబాక్సు బయట చిన్న స్ప్రాకెట్‌కు 14 పళ్లు, వెనక పెద్దదానికి 42 పళ్లు అనుకుందాం. మూడు రెట్లు. చిన్న స్ప్రాకెట్ నిమిషానికి 1,605 చుట్లు. టాప్ గేరులో ఇంజను లోపలి పళ్లన్నీ కలిపి ఇంకో మూడున్నర రెట్లు అనుకుంటే, ఇంజను సుమారు 5,600 చుట్లు తిరుగుతోంది. ఇప్పుడు చిన్న స్ప్రాకెట్‌ను 14 తీసి 15 పళ్లది వేశారు. ఒక్క పన్నే. అదే 60 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజను 5,240 చుట్లకు దిగుతుంది. శబ్దం తగ్గుతుంది, అదురు తగ్గుతుంది, బండి హాయిగా పోతున్నట్టుంటుంది. 13 పళ్లది వేస్తే చుట్లు 6,000 దాటుతాయి, కాని బరువు వేసినా మొరాయించకుండా లాగుతుంది.

మనది చాప పరిచినట్టుండే డెల్టా. ఇక్కడ ఎత్తంటే ఫ్లైఓవర్లు, కాలవ వంతెనలు, లేదా కృష్ణ మీద పెనుమూడి–పులిగడ్డ వంతెన ఎక్కే అప్రోచి రోడ్డు. కనక ఒక పన్ను పెంచితే పెట్రోలు మిగులుతుందని చాలామంది ఆశ. ఒక్కడే పోయే మనిషికి, రోడ్డు ఖాళీగా ఉంటే, కొంత మిగలొచ్చు. వెనక మనిషి, ముందు బస్తా, ఎదురుగా సముద్రపు గాలి ఉంటే ఆ ఇంజను చిన్న చుట్ల దగ్గర లాగలేక మీరు యాక్సిలరేటరు ఇంకా తిప్పుతారు, చివరికి మూడో గేరుకు దిగుతారు. మూడో గేరులో నడిపితే మిగిలేదేముంది? కంపెనీ పళ్ల లెక్కను సగటు బరువుకు, సగటు రోడ్డుకు ఆలోచించే వేసింది. పాల క్యాన్లు మోసే బండికి ఒక పన్ను తగ్గించడం మాత్రం నాకు అర్థమయ్యే మార్పు. ఆ బండికి పరుగు అక్కర్లేదు, లాగుడు కావాలి.

పళ్ల లెక్క ఎంత పని చేస్తుందో చూడాలంటే మళ్లీ రైలు కట్ట దగ్గరికే రావాలి. తెనాలి ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎక్స్‌ప్రెస్ లాగే డబ్ల్యూఏపీ-7, గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 రెండూ కనపడతాయి. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. గూడ్సు ఇంజను నుంచే పాసింజరు ఇంజను పుట్టింది. ముఖ్యమైన మార్పు పళ్లలో. గూడ్సు ఇంజనుకు మోటారు పినియను 15 పళ్లు, ఇరుసు మీది పెద్ద చక్రం 77 పళ్లు. పాసింజరు ఇంజనుకు 20 పళ్లు, 72 పళ్లు. మొదటిది 5.13 రెట్లు, రెండోది 3.6 రెట్లు. గూడ్సు ఇంజను గరిష్ఠ వేగం 100, పాసింజరుది 140. ఇప్పుడు మోటారు చుట్లు లెక్క కట్టండి. కొత్త చక్రాలతో గూడ్సు బండి 100లో పోతుంటే మోటారు నిమిషానికి దాదాపు 2,490 చుట్లు తిరుగుతుంది. ఎక్స్‌ప్రెస్ 140లో పోతుంటే దాదాపు 2,450. మోటారుకు రెండూ ఒకటే! తన పని తాను ఒకే తీరున చేస్తోంది. ఆ పనిని ఒకచోట బరువుగా, ఇంకోచోట వేగంగా మార్చింది పళ్లు.

కేబులు ముందు చక్రానికున్న మోటారు సైకిలు మీటరును పళ్ల మార్పు తాకదని చెప్పాను. లారీల దగ్గర ఆ మాట చెల్లదు. లారీలోనూ, పాత జీపులోనూ మీటరు కేబులు గేరుబాక్సు వెనక నుంచి వస్తుంది. అక్కడి నుంచి చక్రానికి మధ్యలో వెనక ఇరుసు హౌసింగులో క్రౌను, పినియను ఉన్నాయి. 41 పళ్ల క్రౌనుకు 7 పళ్ల పినియను ఉంటే 5.86 రెట్లు, 6 పళ్ల పినియను ఉంటే 6.83 రెట్లు. ఆటోనగరులో సెకండ్‌హ్యాండ్ హౌసింగు దొరికిందని 7 పళ్ల సెట్టు ఉన్న బండికి 6 పళ్ల సెట్టు ఎక్కించారనుకోండి. గేరుబాక్సు మునుపటికన్నా ఆరో వంతు ఎక్కువ తిరిగితేగాని చక్రం అంతే దూరం పోదు. మీటరుకు తెలిసింది గేరుబాక్సు ఒక్కటే. 70 చూపిస్తుంటే బండి 60లోనే ఉంటుంది. కిలోమీటర్ల పట్టీ కూడా ఆరో వంతు ఎక్కువ తిరుగుతుంది. ఆయిలు మార్పుల లెక్క, టైర్ల మన్నిక లెక్క, డీజిలు లెక్క మూడూ తప్పుతాయి. మీటరుకు వెళ్లే చిన్న పినియను కూడా దానికి తగ్గట్టు మార్చాలన్న సంగతి చాలాచోట్ల ఎవరికీ గుర్తురాదు.

చట్టం సంగతి రెండు మాటల్లో. వేగం చూపే మీటరు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 117వ నిబంధన చెబుతుంది. ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 చట్టంలో 52వ సెక్షను ఉంది. ఐక్యరాజ్యసమితి కింద చాలా దేశాలు పాటించే నిబంధన ఒకటుంది, దాని ప్రకారం మీటరు నిజం కన్నా తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు, కార్లకైతే నిజమైన వేగంలో పదో వంతుకు ఇంకో 4 కిలోమీటర్లు కలిపినంత దాకా. అందుకే కంపెనీలు ముల్లును కావాలనే కాస్త ముందుకు పెడతాయి. కొత్త బండి ముల్లు 80 దగ్గరుంటే మీరు 76లోనో 77లోనో ఉండటం మామూలే. ఆ మిగులు మన భద్రత కోసం పెట్టింది. టైరు 6 శాతం పెంచితే ఆ మిగులు తిని, ఇంకాస్త అప్పు కూడా చేసినట్టు. స్పీడ్ గన్ ముందు మీ మీటరు సాక్ష్యం చెల్లదు.

టైరు అరిగినా ఇదే సంగతి, అటు వైపు. కొత్త కారు టైరుకు బటన్ల లోతు 8 మిల్లీమీటర్లు అనుకుంటే, మార్చేయాల్సిన గుర్తు 1.6 దగ్గర ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఎత్తు 13 మిల్లీమీటర్లు తగ్గింది, అంటే 2 శాతం. అరిగిన టైరు ఎక్కువ చుట్లు తిరుగుతుంది, ఎక్కువ కిలోమీటర్లు చూపుతుంది. కొత్త టైర్లు వేయించిన నెలలో ‘మైలేజీ పడిపోయిందండీ, ఈ టైర్లు మంచివి కావు’ అనే ఫిర్యాదు వినే ఉంటారు. అందులో కొంత నిజమే, కొత్త బటన్లకు రాపిడి ఎక్కువ. మిగతాది వట్టి లెక్క తేడా. బండి అంతే దూరం పోయింది, మీటరు 2 శాతం తక్కువ చూపింది. లీటరుకు 60 ఇచ్చే మోటారు సైకిలుకు ముందు టైరు ఒక సైజు పెంచితే చాలు, ఒక్క చుక్క పెట్రోలు అదనంగా తాగకుండానే మైలేజీ 59 అయిపోతుంది. అదే ముందు చక్రానికి చిన్న టైరు వేసి అమ్మితే, కొన్నవాడు మైలేజీ చూసి మురిసిపోతాడు.

మీ మీటరు ఎంత నిజం చెబుతోందో పరీక్షించాలంటే రేపల్లె, బాపట్లల మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి చాలు. పసుపు తలకట్టు కిలోమీటరు రాళ్లు చూడండి. ఇద్దరు కలిసి వెళ్లాలి. నడిపేవాళ్లు ముల్లును 60 మీద కదలకుండా ఉంచాలి, వెనక కూర్చున్నవాళ్లు గడియారం చూడాలి. ఒక రాయి నుంచి ఇంకో రాయికి కాకుండా అయిదు రాళ్లు దాటేదాకా చూడండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక రాయి అటూఇటూ జరిగి ఉంటే ఆ తప్పు అయిదింటిలో పలచబడుతుంది. 5 నిమిషాల్లో దాటితే మీ మీటరు హరిశ్చంద్రుడే. 5 నిమిషాల 20 సెకన్లు పట్టిందా, 18,000ను 320తో భాగించండి, 56 చిల్లర వస్తుంది. అది మీ నిజమైన వేగం. ఫోనులో జీపీఎస్ కూడా తిన్నని రోడ్డు మీద, ఒకే వేగంతో పోతున్నప్పుడు బాగానే చెబుతుంది. అది ఉపగ్రహాల నుంచి లెక్క తీసుకుంటుంది, టైరుతో సంబంధం లేదు. రైల్లో ఉంటే కట్ట పక్కనున్న కిలోమీటరు గుర్తులు చూసి, ఒక కిలోమీటరుకు పట్టిన సెకన్లతో 3,600ను భాగించండి. 36 సెకన్లయితే వంద. 

చివరగా ట్రాక్టరు. అది లేకుండా మన ప్రాంతంలో చక్రం గురించి మాట్లాడినట్టు కాదు. సార్వాకు దమ్ము చేసేటప్పుడు చక్రం తిరగడం వేరు, బండి కదలడం వేరు. బురదలో దమ్ము చక్రాలు తిరుగుతుంటాయి, నేల కొంత జారిపోతుంటుంది. ఎంత జారుతోందో కొలవడం కష్టమేమీ కాదు. వ్యవసాయ ఇంజనీరింగు చదివే పిల్లలు చేసే పరీక్షే ఇది. పెద్ద చక్రానికి సున్నంతో గుర్తు పెట్టి గట్టి నేల మీద పది చుట్లు నడిపి దూరం కొలుస్తారు. తరవాత చేలో, బరువు మీద, అవే పది చుట్లు. గట్టి నేల మీద 40 మీటర్లు వచ్చి, చేలో 30 వస్తే నాలుగో వంతు జారుడుకు పోయింది. డీజిలు కూడా ఆ మేరకు పోయినట్టే.

రోటవేటరు పని ఇంకా చిత్రం. దాని కత్తులను తిప్పేది ఇంజను నుంచి తిన్నగా వచ్చే పీటీఓ షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు. బండి ముందుకు పోయే వేగం మాత్రం గేరును బట్టి, వెనక టైరు ఎత్తును బట్టి ఉంటుంది. 13.6-28 టైరు అరిగిపోయిందని తీసి 14.9-28 వేస్తే ఎత్తు సుమారు 4 శాతం పెరుగుతుంది. కత్తులు అంతే తిరుగుతాయి, బండి ప్రతి తిప్పుకూ కాస్త ఎక్కువ ముందుకు పోతుంది, పెళ్ల లావుగా తెగుతుంది. ‘మునుపటిలా దుక్కి మెత్తగా రావట్లేదు’ అంటే కత్తులనే అనుమానించకండి, టైరు అంకె కూడా చూడండి. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరైతే మరీ జాగ్రత్త. ముందు చక్రాలు వెనకవాటికన్నా పిసరంత ముందుండేలా పళ్లు కట్టి ఉంటాయి. ఒక జత మాత్రమే సైజు మారిస్తే ముందువీ వెనకవీ ఒకదానితో ఒకటి పెనుగులాడుతుంటాయి. గట్టి రోడ్డు మీద ఆ పెనుగులాట టైర్లనూ, పళ్లనూ తినేస్తుంది.

ట్రాక్టరుకు గంటల మీటరు ఉంటుంది. పాత ట్రాక్టర్లలో అది గడియారం కాదు. ఇంజను నుంచి కేబులు వచ్చి చుట్లనే లెక్కపెట్టి గంటలుగా చూపుతుంది. ఇంజను 1,500 చుట్లు తిరుగుతున్నప్పుడు గంటకు గంట చూపేలా అమర్చారనుకోండి. వెయ్యి చుట్ల దగ్గర నిదానంగా నడిపితే గంట పనికి 40 నిమిషాలే తిరుగుతుంది. 2,000 దగ్గర గట్టిగా నడిపితే గంటకు 80 నిమిషాలు చూపుతుంది. ఇంజను అరుగుదలకు, ఆయిలు మార్పుకు అదే సరైన లెక్క. కిరాయికి సరైన లెక్క కాదు. కొత్త ట్రాక్టర్లలో చాలావాటికి కరెంటు మీటర్లు, ఇంజను తిరుగుతున్నంతసేపూ గడియారంలాగే గంటలు లెక్కిస్తాయి. గంటల లెక్కన కిరాయి మాట్లాడుకునే రైతులు, ట్రాక్టరు యజమానులు ముందుగా ఆ మీటరు ఏ రకానిదో చూసుకోండి. పాతదైతే చేతి గడియారం చూసుకుని మాట్లాడుకోండి, లేదా ఎకరానికి ఇంత అనుకోండి.